పడి విరిగినవి కావు

సెప్టెంబర్ 9, మంగళవారం. మధ్యాహ్నం 2:10

షాపులో ఎవరూ లేరు. ఓనర్ గారు భోజనానికి వెళ్ళారు. టెస్టింగ్ రూమ్‌లో కూర్చుని రాస్తున్నాను.

పొద్దున ఎలక్ట్రీషియన్ మళ్ళీ వచ్చాడు, కూతుర్ని వెంటబెట్టుకుని. టూల్ బ్యాగ్ భుజానే ఉంది. పని మధ్యలో లేచి వచ్చినట్టున్నాడు. పిల్ల కళ్ళజోడు విరగడం రెండు నెలల్లో ఇది మూడోసారి. ఎలా విరిగిందమ్మా అంటే పడ్డాను అంది. పోయినసారీ అదే మాట, అంతకుముందూ అదే మాట.

కింద పడ్డ కళ్ళజోడు నాకు తెలుసు. అద్దం గీసుకుంటుంది, ముక్కు దగ్గర వంగుతుంది. ఇది అలా లేదు. చెవి మీద పెట్టుకునే కాడని బయటికి విరిచారు, కీలు చీలిపోయింది. అలా చీలాలంటే రెండు చేతులు కావాలి. ఒక చెయ్యి ఫ్రేమ్‌ని పట్టుకోవాలి, రెండోది వెనక్కి వంచాలి. పద్నాలుగేళ్ళ నుంచి ఇదే పని నాది.

పిల్ల పవర్ రెండు కళ్ళకీ మైనస్ ఏడున్నర. జోడు తీస్తే ఎదురుగా ఉన్న మనిషి మొహం కూడా పొగే. మనసులో దాన్ని 'మైనస్ ఏడున్నర' అనుకుంటాను. కస్టమర్లందరినీ నేను అలాగే గుర్తుపెట్టుకుంటాను.

కీలు మార్చి పెట్టాను. పెట్టే ముందు, తీసే ముందు చెప్పడం నా అలవాటు. తీస్తున్నానమ్మా, పెడుతున్నానమ్మా అని. పెట్టగానే నా వెనకున్న గోడ వంక చాలాసేపు చూసింది. ఆ గోడ మీద చూడ్డానికి ఏముంది? కేలండరు, మా అమ్మాయి పండు రిలే టీమ్ ఫోటో. అంతే.

యూనిఫామ్ చూస్తే పండు వాళ్ళ స్కూలే.


సెప్టెంబర్ 10, పొద్దున

మూడుసార్లు పడ్డ పిల్లకి మోకాళ్ళ మీద ఒక్క గీత కూడా లేదు.


సెప్టెంబర్ 10, సాయంత్రం 6:30

పండుని అడిగాను. లావు కళ్ళద్దాల అమ్మాయి ఒకతి ఉంది, తెలుసా అని. మా క్లాసే అంది. ఈ ఏడాదే చేరిందట. ఏడో తరగతి మొత్తం ఆ పిల్లని సోడాబుడ్డి అంటారట. ఒట్టి మొద్దు, నడుస్తూ నడుస్తూ పడిపోతుంది అంది. ఎవరైనా ఏడిపిస్తున్నారా అంటే, ఏమో, నాకేం తెలుసు అని రిమోట్ అందుకుంది.

నువ్వు కాస్త కనిపెట్టుకుని ఉండవే అన్నాను. సరే అంది.


సెప్టెంబర్ 12, శుక్రవారం. మధ్యాహ్నం 2

ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసి రమ్మన్నాను. పిల్ల లేకుండా. విరిగిన పాత కీలు కాగితంలో పొట్లం కట్టి దాచాను, అది చూపించాను. ఇది పడి విరిగింది కాదండీ అన్నాను. ఆయన ఆశ్చర్యపోలేదు. తనకీ అనుమానమేనట. స్కూలుకి రెండుసార్లు వెళ్ళాడట. మొదటిసారి క్లాస్ టీచర్ పిల్లలన్నాక ఇవన్నీ మామూలే అన్నారట. రెండోసారి కళ్ళజోడుకి తాడు కట్టి మెళ్ళో వేయమన్నారట. ఆయన వేశాడు కూడా. ఆ తాడు తెగిపోయి ఇంటికొచ్చింది.

నాకు చిర్రెత్తింది. షాపు లెటర్‌హెడ్ తీసుకుని రాసిచ్చాను. మూడుసార్లూ ఫ్రేమ్ విరిగిన తీరు ఒకటే, అది పడటం వల్ల కాదు, ఎవరో రెండు చేతులతో విరిచారు, జోడు లేకపోతే ఈ పిల్లకి మెట్లు కూడా కనబడవు కాబట్టి ఇది ప్రమాదం అని. కింద నా పేరు, సంతకం, షాపు స్టాంపు.

ఓనర్ గారు చూసి గొణిగారు. కళ్ళజోళ్ళు బాగుచేసే వాళ్ళం, లోకాన్ని బాగుచేసే వాళ్ళం కాదమ్మా అన్నారు. స్టాంపు మాత్రం తనే సిరా అద్ది ఇచ్చారు.

ఎవరి పిల్లలో గాని, వాళ్ళ తల్లిదండ్రులు ఏం పెంచుతున్నారో!


సెప్టెంబర్ 16, మంగళవారం. మధ్యాహ్నం 3:40

స్కూలు నుంచి నేరుగా షాపుకి వచ్చాను.  వరసగా రాస్తాను.

పొద్దున స్కూలు నుంచి ఫోన్ వచ్చింది, పదకొండుకి రమ్మని. ఉత్తరం రాసింది నేనే కదా, వివరాలు అడుగుతారనుకున్నాను. మంచి చీర కట్టుకుని వెళ్ళాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ప్రిన్సిపల్ గదిలో ఎలక్ట్రీషియన్, క్లాస్ టీచర్ కూర్చుని ఉన్నారు. తలుపు దగ్గర ఆయా నిలబడి ఉంది. టేబుల్ మీద నా ఉత్తరం. మెట్ల కింద సందులో జరిగేది ఆయా రెండుసార్లు కళ్ళారా చూసిందట. అప్పుడే క్లాస్ టీచర్‌కి చెబితే, నీ పని నువ్వు చూసుకో అన్నారట. ఇవాళ ఉత్తరం చూశాక ప్రిన్సిపల్ మేడమ్ పిలిచి అడిగితే మళ్ళీ చెప్పింది. ముగ్గురు ఆడపిల్లల పేర్లు. మొదటి పేరు మా పండుది.

ఇంకోసారి చెప్పమన్నాను. ఇంకోసారి చెప్పింది.

నేను ఎలక్ట్రీషియన్ వైపు చూశాను. ఆయనకి కూడా అప్పుడే తెలుస్తోంది, నేనెవరి తల్లినో.

ప్రిన్సిపల్ మేడమ్ చాలా మెత్తగా మాట్లాడారు. పండు మంచి ర్యాంకు పిల్ల, రిలే టీమ్ కెప్టెన్. పెద్దది చేసుకుంటే అందరికీ నష్టం. ఈ ఉత్తరం కేవలం ఒక అభిప్రాయం కదా, మీరు డాక్టరు కాదు కదా అన్నారు. ఉత్తరాన్ని రెండు వేళ్ళతో నా వైపు జరిపారు.  తీసుకుంటానని ఎదురుచూశారు.

నిజం చెప్పాలి, ఇది నా డైరీ. ఒక్క క్షణం చెయ్యి టేబుల్ మీదకి వెళ్ళింది.

తర్వాత ఆ కాగితాన్ని వెనక్కి తోశాను.

"అందులో ఒక్క అక్షరం మార్చను మేడమ్. ఫైల్లో పెట్టండి."

ఎలక్ట్రీషియన్ తల ఎత్తలేదు. బయటికి వస్తుంటే క్లాస్ టీచర్ చెప్పారు, ఆయన నిన్ననే కూతురికి టి.సి. కావాలని అప్లికేషన్ పెట్టాడట.


సెప్టెంబర్ 16, రాత్రి 8

పండు ముందు లేదంది. తర్వాత ఆయా అబద్ధాలకోరు అంది. తర్వాత ఏడ్చింది. తర్వాత, అది ఊరికే ఆట అంది.

ఆట పేరు 'కళ్ళ టెస్ట్'.

జోడు తీసేస్తారు. ఆ పిల్లని గోడకి నిలబెడతారు. దూరంగా నిలబడి వేళ్ళు చూపించి ఎన్ని అని అడుగుతారు. తప్పు చెబితే ఒక అడుగు ముందుకొచ్చి మళ్ళీ అడుగుతారు. అందరూ నవ్వుతారు. ఒక్కోసారి అసలు వేళ్ళే చూపించరు. పిల్ల ఏదో ఒక అంకె చెబుతుంది. దానికి ఇంకా నవ్వుతారు.

ఆట కనిపెట్టింది పండు. సెలవుల్లో షాపుకి వచ్చి నా పక్కన స్టూల్ వేసుకుని కూర్చునేది కదా. అక్కడ చూసింది. కాడ ఎటు వంచితే కీలు చీలుతుందో కూడా అక్కడే నేర్చుకుంది. నేనే చెప్పాను. ఇలా వంచకూడదు అని చూపించాను.

ఆ రోజు మైనస్ ఏడున్నర నా వెనక గోడ మీద ఏం చూసిందో ఇప్పుడు తెలిసింది. పండు ఫోటో చూసింది. చూసి, పడ్డాను అని మళ్ళీ చెప్పింది. నా దగ్గర ఇంకేం చెబుతుంది?

మైనస్ ఏడున్నర. వాళ్ళు సోడాబుడ్డి అన్నారు, నేను ఇది అన్నాను. ఆ పేరు ఇక రాయను.


సెప్టెంబర్ 17

ఒక కస్టమర్ జోడుకి పొరపాటున కుడి ఎడమ మార్చి అద్దాలు బిగించాను. పద్నాలుగేళ్ళలో మొదటిసారి.


సెప్టెంబర్ 18, గురువారం. మధ్యాహ్నం 2

పొద్దున మా ఆయనకి మొత్తం చెప్పాను. విని, చాలాసేపు చెప్పుల స్టాండ్ సర్దారు. కోపమొస్తే ఆయన ఏదో ఒకటి సర్దుతారు. తర్వాత అన్నారు, మంచి ఫ్రేమ్ ఒకటి ఆ పిల్లకి ఇచ్చి, సారీ చెప్పించి, ఇంతటితో ముగిద్దాం అని. ఫైల్లో ఎక్కితే అది పండుతో పాటు పై క్లాసులకి పోతుంది, పదమూడేళ్ళ పిల్లకి మచ్చ పడుతుంది అన్నారు. మన పిల్లని మనమే పట్టిస్తామా అన్నారు.

ఆయన చెడ్డవారు కాదు. భయపడుతున్నారు. నేనూ భయపడుతున్నాను. కానీ ఆ స్కూల్లో అందరూ భయపడినందుకే కదా ఆ పిల్ల రెండు నెలలు గోడకి నిలబడింది. ఆ మాటే అన్నాను. 

అత్తయ్య వింటున్నారని మాకు తెలియదు. చెవి మిషన్ పెట్టుకుంటే గాని వినబడదు ఆవిడకి. ఆ వేళ పెట్టుకునే ఉన్నారు. టిఫిన్ దగ్గర పండు ఎదురుగా కూర్చుని మిషన్ తీసి ప్లేటు పక్కన పెట్టారు.

"నాకు కూడా వినబడదు కదే. నన్ను చూసి కూడా నవ్వుకుంటావా, నేను అటు తిరగగానే?"

పండు లేదు నాన్నమ్మా, లేదు అంటోంది. ఆవిడకి వినబడదు. మిషన్ లేదు కదా. పండు ఎంత గట్టిగా అన్నా ఆవిడ మొహం అలాగే ఉంది. చివరికి లేచి వెళ్ళి తనే ఆవిడ చెవికి పెట్టింది. అప్పటికే స్కూల్ బస్ వెళ్ళిపోయింది.


సెప్టెంబర్ 19, మధ్యాహ్నం 2

కళ్ళు పరీక్షించే ట్రయల్ ఫ్రేమ్ బ్యాగులో పెట్టుకున్నాను. అందులో ఎక్కువ పవర్ అద్దాలు వేస్తే ఎవరికైనా లోకం పొగ అయిపోతుంది. సాయంత్రం పండు కళ్ళకి పెట్టి, హాల్లో నిలబెట్టి, ఎన్ని వేళ్ళు అని అడుగుదామని.

బ్యాగులోంచి తీసి డ్రాయర్‌లో పెట్టేశాను. అదే ఆట నేనూ ఆడితే ఇంక నేను చెప్పేదేముంది?


సెప్టెంబర్ 22, సోమవారం. మధ్యాహ్నం

మళ్ళీ ప్రిన్సిపల్ దగ్గరికి. ఈసారి పిలవకుండానే వెళ్ళాను.

ఆవిడ దగ్గర ఒక పరిష్కారం సిద్ధంగా ఉంది. ఎలక్ట్రీషియన్ టి.సి. అప్లికేషన్ వెనక్కి తీసుకుంటే, ఆయన కూతుర్ని బి సెక్షన్‌కి మారుస్తారట. ఆ అమ్మాయికి కూడా ప్రశాంతంగా ఉంటుంది అన్నారు.

ఆ అమ్మాయి ఏం చేసిందని మారాలి అన్నాను. ఎవరైనా కదలాలంటే మా పిల్ల కదులుతుంది. రాసి తెచ్చిన కాగితం ఇచ్చాను. పండుని బి సెక్షన్‌కి మార్చండి, జరిగింది జరిగినట్టు ఫైల్లో రాయండి, ఇంటర్వెల్‌లో మెట్ల కింద ఒక పెద్ద మనిషిని ఉంచండి. ఆయాని ఇంకెవరూ నీ పని చూసుకో అనకూడదు అని కూడా రాశాను.

మేడమ్ రెండుసార్లు చదివారు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో తన పిల్ల మీద తనే కంప్లయింట్ తెచ్చిన తల్లిని చూడలేదట. మెచ్చుకోలో, విసుగో తెలియలేదు. ఆలోచిస్తాను అన్నారు.

నేను కూర్చుంటాను మేడమ్, ఆలోచించండి అన్నాను. షాపుకి సెలవు పెట్టే వచ్చాను.

గంటన్నర కూర్చున్నాను. రెండు పీరియడ్ల బెల్లులు విన్నాను. సంతకం పెట్టారు.


సెప్టెంబర్ 23

మిగతా ఇద్దరు పిల్లల తల్లులు ఫోన్ చేశారు, ఒకరి తర్వాత ఒకరు. ఒకావిడ ఏడ్చింది. ఇంకొకావిడ, మీ పిల్లని ముంచుకుంటే ముంచుకోండి, మా పిల్లని ఎందుకు లాగుతారు అంది. పోయిన నెల పండు పుట్టినరోజుకి మా ఇంట్లో కూర్చుని ఫోటోలు దిగిన మనిషి. నంబరు డిలీట్ చేయలేదు. మళ్ళీ చేస్తే మళ్ళీ ఎత్తుతాను.


సెప్టెంబర్ 27, శనివారం. సాయంత్రం 5

పండు ఉత్తరం. నాలుగో ప్రయత్నం.

మొదటిసారి, నా వల్ల నీకు బాధ కలిగి ఉంటే సారీ అని రాసింది. కలిగి ఉంటే అనేది తీసెయ్ అన్నాను. రెండోసారి, మిగతా వాళ్ళు చేయమన్నారని రాసింది. వెనక్కిచ్చాను. మూడోసారి నాలుగు పేజీలు, అంతా తన ఏడుపే. అదీ వెనక్కిచ్చాను. నువ్వు నా అమ్మవా ఆ అమ్మాయికి అమ్మవా అని తలుపు వేసుకుంది. నీకే అమ్మని, అందుకే ఇన్నిసార్లు చదువుతున్నాను అని తలుపు బయటి నుంచి చెప్పాను. విందో లేదో!

ఇవాళ తెచ్చినది అర పేజీ. ఏ రోజు ఏం చేసిందో వరసగా ఉంది. మూడు ఫ్రేములూ తనే విరిచానని ఉంది. చివర్లో ఇలా ఉంది: 'అందరూ నవ్వుతుంటే నాకు చాలా బాగుండేది. నువ్వు ఏడవకపోతే కోపం వచ్చేది.'

ఇది పంపుదాం అన్నాను. బాత్రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పాను.


సెప్టెంబర్ 29, సోమవారం. మధ్యాహ్నం 1:30

ఎలక్ట్రీషియన్ ఎక్కడ పని చేస్తున్నాడో కనుక్కుని వెళ్ళాను. కొత్తగా కడుతున్న క్లినిక్. నిచ్చెన మీద ఉన్నాడు, సీలింగ్‌లోంచి వైర్లు లాగుతున్నాడు. నన్ను చూసి దిగలేదు. చేతిలో పని పూర్తిచేసుకుని దిగాడు. అది ఆయన హక్కు.

పండు సెక్షన్ మారిందని, సంతకం అయిందని చెప్పాను. ఉత్తరం ఇచ్చాను. చదవాలో వద్దో మీ అమ్మాయి ఇష్టం, చదవకపోతే చింపెయ్యమనండి అన్నాను. కవరు జేబులో పెట్టుకున్నాడు. ప్లయర్స్ తుడుచుకున్నాడు. తర్వాత అన్నాడు.

"మీ ఉత్తరం పట్టుకుని మొదటిసారి తల ఎత్తుకుని వెళ్ళానండి ఆ స్కూలుకి. నాకూ ఒక మనిషి ఉంది అనుకున్నాను. తీరా చూస్తే విరిచింది ఆ మనిషి పిల్లే."

 నిజమేనండి అన్నాను. అంతకంటే ఏం అన్నా అది నా బరువు దించుకోవడమే అవుతుంది.

టి.సి. సంగతి అడగలేదు. ఆయనే చెప్పాడు, పిల్లని అడిగి చేస్తానని. ఇన్నాళ్ళూ దాన్ని తప్ప అందర్నీ అడిగాను అన్నాడు.


అక్టోబర్ 1

పండు బి సెక్షన్‌లో. పి.ఇ.టి. సార్ రిలే టీమ్ నుంచి కూడా తీసేశారు. అది నేను అడగలేదు. అడ్డమూ చెప్పలేదు. మా ఆయన ఇవాళ చెప్పుల స్టాండ్‌తో పాటు పుస్తకాల అలమర కూడా సర్దారు.


అక్టోబర్ 4, శనివారం. మధ్యాహ్నం 2:30

ఆ అమ్మాయి వచ్చింది. తండ్రి బయటే నిలబడ్డాడు. లోపలికి ఒక్కతే వచ్చింది. పాత ఫ్రేమ్‌కి ఇంక కీలు నిలవదు, కొత్తది తీసుకోవాలి.

ఫోటో ఎప్పుడో తీసేశాను. గోడ మీద నాలుగు మేకుల గుర్తులున్నాయి. అది చూసింది.

ఓనర్ గారిని పిలవనా, ఆయన చూస్తారు నీకు అన్నాను. వద్దంది.

"మీరే పెట్టండి ఆంటీ. మీరు చెప్పి తీస్తారు."

తీస్తున్నానమ్మా అన్నాను.  తీశాను. కళ్ళు చిన్నవి చేసుకుని కూర్చుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా. జోడు లేకుండా ఎదుటి మనిషి దగ్గర అలా కూర్చోడం ఆ పిల్లకి ఎంత కష్టమో నాకు ఇప్పుడు తెలుసు. వేళ్ళు చూపించలేదు. పెడుతున్నానమ్మా అని ట్రయల్ ఫ్రేమ్‌లో తక్కువ పవర్ అద్దాలు వేసి పెట్టి, అక్షరాల చార్ట్ వెలిగించి, తొందరేం లేదు, కనిపించినంతే చెప్పు అన్నాను. కనిపించకపోతే కనిపించలేదు అని చెప్పొచ్చా అని అడిగింది. చెప్పొచ్చమ్మా, దానికే ఈ టెస్ట్ అన్నాను. అప్పుడు చదివింది. రెండు లైన్లు చదివి ఆగి, కనిపించట్లేదు ఆంటీ అంది. అది చెప్పేటప్పుడు కాస్త ధైర్యంగా చెప్పింది.

ఫ్రేములు తనే ఎంచుకుంది. నేను సన్నటి గోధుమరంగుది చూపించాను, ఎవరికీ పెద్దగా కనబడదని. వద్దని ఎర్రది తీసుకుంది. మంచి ఎరుపు.

ఉత్తరం చదివిందట. సగమే. మిగతా సగం తర్వాత చదువుతుందట, లేదా చదవదట. సారీ గురించి ఏమీ అనలేదు. ఒకటే అడిగింది, పండు ఈ ఏడాది మళ్ళీ మా సెక్షన్‌కి వస్తుందా అని. రాదు అన్నాను. ఒట్టా అంది. ఒట్టు అన్నాను.

"అయితే నేను ఎక్కడికీ వెళ్ళను."

తలుపు తీసుకుని బయటికి వెళ్ళి, తండ్రికి ఆ మాటే చెప్పడం అద్దంలోంచి చూశాను. వినబడలేదు. ఆయన టూల్ బ్యాగ్ ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదకి మార్చుకుని, చాలాసేపు తల ఊపాడు.


అక్టోబర్ 6

మెట్ల కింద సందులో కుర్చీ వేశారట. ఇంటర్వెల్‌లో ఆయా కూర్చుంటోందట, ఒక్కోరోజు క్లాస్ టీచర్ కూడా. ఎవరు చెప్పారంటే, పండే చెప్పింది. మంచిదో చెడ్డదో తేల్చుకోకుండా, వార్త చెప్పినట్టు చెప్పింది.


అక్టోబర్ 13

బి సెక్షన్‌లో పండు పక్కన ఎవరూ కూర్చోవట్లేదు. వెళ్ళి టీచర్‌తో మాట్లాడమంటారు మా ఆయన. మాట్లాడాను. ఒంటరిగా వదలొద్దు, వెనకేసుకుని రావొద్దు, రెండూ అడిగాను. పండుకి శిక్ష పడాలి గాని, దాన్ని గోడకి నిలబెట్టే హక్కు కూడా ఎవరికీ లేదు. ప్రిన్సిపల్ దగ్గరికి కూడా వెళ్ళి ఇదీ ఫైల్లో రాయమన్నాను. ప్రిన్సిపల్ మేడమ్ ఈసారి వెంటనే పెన్ను తీశారు.


అక్టోబర్ 19, ఆదివారం

పండు వచ్చి, నేనంటే నీకు భయమా అని అడిగింది. కొంచెం ఉంది అన్నాను. నాక్కూడా నేనంటే భయమే అంది.

మంచం మీద జరిగి, పక్కన చోటిచ్చాను.